హైదరాబాద్ కొలువా, నల్గొండలో ఫ్రీలాన్సింగా?

కొలువులో ఒకటో తారీఖున జీతం పడేది. మూల వేతనంలో నా 12 శాతం పీఎఫ్‌కు కంపెనీ మరో 12 శాతం కలిపేది. ఆ విలువ మానేశాకే తెలిసింది.

ఇప్పుడు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఇంట్లోనే డిజైన్ పనులు చేస్తున్నా. ఎల్బీ నగర్ ట్రాఫిక్ లేదు, మధ్యాహ్నం అమ్మ చేతి జొన్నరొట్టె. అసలు టెన్షన్ బిల్లు పంపాకే. ఒక క్లయింట్ మూడు నెలలు తిప్పాడు. అడిగితే "రేపు చూద్దాం అన్నా" అనేవాడు. కంపెనీలిచ్చే ఫీజులో 10 శాతం టీడీఎస్ కోత, అంటే ఆదాయపన్ను కింద ముందే పట్టుకుంటారు. రిటర్న్ వేస్తే ఎక్కువ కట్టింది తిరిగొస్తుంది, కానీ అప్పటిదాకా ఆగాలి.

సెలవుకు ఎవరినీ అడగక్కర్లేదు. జ్వరమొస్తే మాత్రం ఆ రోజు సంపాదన సున్నా. పెళ్లిచూపుల్లో "ఏం చేస్తావు బాబూ" అంటే చెప్పడం ఇంకా కష్టం! అయినా సగం డబ్బు అడ్వాన్స్ తీసుకోవడం మొదలుపెట్టాక నేను ఇటే మొగ్గుతున్నా.