ఐబానెజ్ టీఎస్9 ట్యూబ్ స్క్రీమర్: ఏళ్ల తరబడి వాడిన మీదట

అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ గిటార్ ధ్వని తమ గిటార్లోనూ పలకాలన్న ఆశతో, గిటార్‌కూ యాంప్లిఫయర్‌కూ (యాంప్) మధ్య తగిలించి కాలితో నొక్కే ఈ ఆకుపచ్చ పెడల్ కొనేవాళ్లు చాలామంది. నేనూ ఆ ఆశతోనే కొన్నాను. ఒక్క పెడల్‌తో ఆ ధ్వని రాదు, ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. అయినా దీన్ని అమ్మేయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఏ రికార్డులో ఏ పెడల్ మోగుతోందో చెవితో ఆనవాలు పట్టడం నాకు దీని పుణ్యమా అనే అలవడింది.

పెట్టె మీద మూడే నాబ్‌లు: డ్రైవ్ (గరుకు), టోన్ (పదును), లెవెల్ (బయటికి పోయే ధ్వని స్థాయి). దీనికి ముందు మోడల్ టీఎస్808 1970ల చివర్లో వచ్చింది. రూపకల్పన సుసుము తమురాది, తయారీ జపాన్‌లోని మాక్సన్‌ది, అమ్మకం ఐబానెజ్ పేరుతో. టీఎస్9 వచ్చింది 1982లో. రెండింటి సర్క్యూట్ దాదాపు ఒకటే. సిగ్నల్ బయటికి పోయే చోట ఉన్న రెండు రెసిస్టర్ల విలువలే ప్రధానమైన తేడా. డిస్టార్షన్, అంటే ధ్వనిలోని గరుకు, పుట్టే భాగం మారలేదు. పాత 808ల మీద జనం కుమ్మరించే డబ్బు చూస్తే నాకు జాలేస్తుంది. మిత్రుడి 808ని దీని పక్కన పెట్టి విన్నాను. నాది ఒక పిసరు పదునుగా వినిపించింది. టోన్ నాబ్ కాస్త తగ్గించాక ఏది ఏదో చెప్పలేకపోయాం.

ఇలాంటి ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి గరుకు పుట్టించే) పెడల్ ధ్వనికి ఏదో కలుపుతుందని అనుకుంటాం. ఇది కలిపే దానికంటే తీసేసేదే ముఖ్యం. లోపలి చిప్ సిగ్నల్‌ను పెంచుతుంది, డయోడ్లు ఆ అలల కొసలను కత్తిరిస్తాయి. అయితే ఆ పెంపు 720 హెర్ట్జ్‌కు పైనున్న భాగానికే దండిగా అందుతుంది, కిందికి దిగేకొద్దీ సన్నగిల్లుతుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను వట్టిగా మీటితే పలికేది 82 హెర్ట్జ్. అంటే బేస్ భాగం పెద్దగా నలగకుండా, పెద్దగా పెరగకుండా దాటిపోతుంది. ఆ తర్వాతి మెట్టులో పైనున్న కీచుదనాన్ని కూడా అణుస్తుంది. కింద కొంత, పైన కొంత పోగా నడుమ నిలబడేదే ముక్కుతో పలికినట్టుండే ఆ స్వరం. కత్తిరించిన సిగ్నల్‌తో పాటు అసలు సిగ్నల్ కూడా కలిసి బయటికి వస్తుంది కాబట్టి, పిక్ తీగను తాకిన చప్పుడు ఎంత డ్రైవ్ పెట్టినా చెరిగిపోదు. డ్రైవ్ నాబ్ పూర్తిగా తగ్గించినా లోపల సుమారు 12 రెట్ల పెంపు ఉంటుంది. పూర్తిగా తిప్పితే సుమారు 118 రెట్లు.

ఇదంతా తెలిశాక రికార్డులు వినే తీరు మారింది. ఇప్పుడు ముందుగా లావు తీగల సంగతి చూస్తాను. కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి) మోగినప్పుడు అడుగు భాగం ముద్దలా ఉబ్బితే అది ఫజ్ (మరీ ముతక గరుకు పుట్టించే పెడల్) అయి ఉంటుంది. సన్నగా, బిగువుగా ఉంటే ట్యూబ్ స్క్రీమర్ జాతిని అనుమానిస్తాను. తర్వాత పిక్ చప్పుడు. అది స్వరంలో కరిగిపోయి, స్వరం మాత్రం ఎంతసేపటికీ ఆరిపోకుండా సాగుతూ, మధ్య స్థాయి (నడిమి ఫ్రీక్వెన్సీలు) లోతుకు పోయినట్టుంటే బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ వైపు చూడాలి. 1970ల చివర పింక్ ఫ్లాయిడ్ రికార్డుల్లో డేవిడ్ గిల్మర్ సోలోలు అందుకు మంచి నమూనా. జిమి హెండ్రిక్స్ వాడిన ఫజ్ ఫేస్‌కు ఇంకో గుర్తు ఉంది: గిటార్ మీద వాల్యూమ్ తగ్గించగానే గరుకు పోయి, గాజులా మెరిసే ధ్వని మిగులుతుంది. టీఎస్9 కూడా వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడుతుంది కానీ ఆ ముక్కు స్వరం మాత్రం వదలదు.

ఇక వాన్ విషయం. ఆయన డ్రైవ్ తక్కువగా, లెవెల్ బాగా ఎక్కువగా పెట్టి, ఈ పెడల్‌తో ఫెండర్ కంపెనీ ట్యూబ్ యాంప్‌ల (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేవి) ఇన్‌పుట్‌ను బలంగా నెట్టేవారు. గరుకులో సింహభాగం ఆ యాంప్‌లదే. పైగా ఆ తరహా ఫెండర్ యాంప్‌లలో మధ్య స్థాయి సహజంగానే కాస్త లోతుకు పోయి ఉంటుంది. ఈ పెడల్ ఉబ్బించేది సరిగ్గా ఆ చోటునే. కాబట్టి రెండూ కలిస్తేనే ఆ ధ్వని. మధ్య స్థాయి ముందే గట్టిగా ఉండే బ్రిటిష్ తరహా యాంప్‌కు ఇదే పెడల్ తగిలిస్తే నా చెవికి జలుబు చేసిన గొంతులా వినిపించింది. దీనికి తోడు ఆయనవి 13 గేజ్ (బాగా లావు) తీగలు, శ్రుతి అర మెట్టు కిందికి, కొట్టే చెయ్యి మహా బరువు. నేను 13 జోలికి వెళ్లలేదు, నా వేళ్లు నాకు కావాలి. 11 గేజ్ వేసి, శ్రుతి అర మెట్టు దించి వాయిస్తే వచ్చిన తేడా పెడల్ మీది మూడు నాబ్‌లు తిప్పితే వచ్చిన దానికంటే పెద్దది. స్వరం ఒక్కసారిగా ఒళ్లు చేసింది.

మెటల్ వాయించేవాళ్లు దీన్ని మరో రకంగా వాడతారు. యాంప్‌లోనే డిస్టార్షన్ దండిగా పెట్టి, ముందు ఈ పెడల్‌ను డ్రైవ్ సున్నాకు, లెవెల్ గరిష్ఠానికి తిప్పి ఉంచుతారు. బేస్ ముందే తగ్గిపోతుంది కాబట్టి అరచేతితో తీగలను అణచి వేగంగా కొట్టే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. రికార్డులో పోల్చుకోవడం చాలా కష్టమైన వాడకం ఇదే. పెడల్ ఉన్నప్పుడు ఉన్నట్టు తెలియదు, తీసేస్తే అడుగు భాగమంతా బురదవుతుంది. ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో నాకు ఎక్కువగా పనికొచ్చింది కూడా ఇదే అమరిక.

పెడల్ వేటకు ఒక హద్దుంది. 1985లో వచ్చిన డైర్ స్ట్రెయిట్స్ పాట ‘మనీ ఫర్ నథింగ్’లో మార్క్ నాప్‌ఫ్లర్ గిటార్ విని, వా పెడల్‌ను (కాలితో ఊపితే ‘వా’ అని పలికించేది) సగంలో ఆపి ఉంచారని ఎందరో తీర్మానించారు. రికార్డింగ్ ఇంజనీర్ నీల్ డార్ఫ్‌స్‌మన్ చెప్పింది వేరు: స్పీకర్ ముందు మైకులు ఇంకా సరిగ్గా సర్దకముందే, అవి అడ్డదిడ్డంగా ఉన్న స్థితిలోనే ఆ ధ్వని దొరికింది. దాన్ని ఏ అంగట్లో కొంటాం?

ఇక ఇబ్బందులు. చర్చి బృందాల్లో, చిన్న వేదికల మీద మన దగ్గర గిటార్‌ను యాంప్ లేకుండా తిన్నగా మిక్సర్‌కు తగిలించడం మామూలే. అక్కడ ఈ పెడల్ ఒంటరిగా పనికిరాదు, చెవిలో గీరినట్టుంటుంది. గిటార్ స్పీకర్ సహజంగా కోసేసే పై స్థాయిలన్నీ అక్కడ బయటపడతాయి. యాంప్‌నూ స్పీకర్‌నూ అనుకరించే పెట్టె ఒకటి మధ్యలో పెడితేనే వినబుద్ధవుతుంది. చిన్న ట్రాన్సిస్టర్ యాంప్‌తోనూ అంతంత మాత్రమే, ఎందుకంటే నెట్టడానికి అక్కడ ట్యూబులు లేవు. ఫజ్ పెడల్ ఉంటే దాన్ని దీనికి ముందే తగిలించాలి. టీఎస్9 ఆపేసి ఉన్నా సిగ్నల్ దీని బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే చిన్న సర్క్యూట్) గుండానే పోతుంది. ఆ వెనకాల పెట్టిన ఫజ్ ఫేస్ తరహా పెడల్ గిటార్ వాల్యూమ్ నాబ్‌కు పలకడం దాదాపు మానేస్తుంది.

కరెంటు చాలా తక్కువ తాగుతుంది, 9 వోల్టుల బ్యాటరీ చాలాకాలం వస్తుంది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయాలి, గుచ్చి వదిలేస్తే పెడల్ ఆపి ఉన్నా బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది. చవక అడాప్టర్ ఒకటి కొని చూశాను, పాటకంటే దాని గుర్రే ఎక్కువ. విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు నాబ్‌లను అప్పుడప్పుడూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ ఉండాలి. ఉప్పుగాలికి ఏ కంపెనీ నాబ్ అయినా కొన్నాళ్లకు గరగరమంటుంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే సర్దుకుంటుంది.

ట్యూబ్ యాంప్ ఉన్నవాళ్లు, లేదా యాంప్‌ను అనుకరించే మంచి యంత్రం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు, 808 కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఒక్క పెడల్‌తోనే నిండైన డిస్టార్షన్ కావాలనుకునేవాళ్లు మాత్రం ప్రోకో ర్యాట్ లాంటి డిస్టార్షన్ పెడల్ చూడండి. దాని ఫిల్టర్ నాబ్ తిప్పేకొద్దీ పదును పెరగదు, తగ్గుతుంది.