స్విఫ్ట్ 1.2 పెట్రోల్ రన్నింగ్ ఇన్: 42,000 కి.మీ. తర్వాత చూస్తే

కారు నాలుగు సిలిండర్ల 1.2 పెట్రోల్ స్విఫ్ట్, మాన్యువల్ గేర్లు. మీటరు 42,000 దాటింది. ఒక సర్వీసు నుంచి ఇంకో సర్వీసుకి డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత నుంచి సగానికి కూడా దిగడం లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే, ఆయిల్ కాలుతోందని చెప్పే నీలం పొగ లేదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు నడిపిన తీరుకి, అంటే రన్నింగ్ ఇన్‌కి, ఇందులో మంచి వాటా ఉందని నా లెక్క.

"కొత్త బండి, నలభై దాటించకు" అనే సలహా అంబాసిడర్ల కాలం నాటిది. ఇప్పటి కారుతో ఇచ్చే మాన్యువల్ పుస్తకం చెప్పేది వేరు. మొదటి 960 కి.మీ. ఒకే వేగంతో చాలాసేపు వెళ్లొద్దు, ఫుల్ యాక్సిలరేటర్ తొక్కొద్దు, పెద్ద గేరులో నెమ్మదిగా ఈడ్చొద్దు, ట్రైలర్ లాగొద్దు. ఈ మూడోదాన్నే ఎవరూ పట్టించుకోరు. ఐదో గేరులో నలభై అంటే ఇంజన్ 1,100 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గింజుకుంటూ ఉంటుంది. జాగ్రత్త పేరుతో చేసే హింస అది.

కొత్త సిలిండర్ గోడ మీద హోనింగ్ చేసిన, అంటే సానపట్టి గీసిన, ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ గోడకి సరిగ్గా అమరి కూర్చోవాలి. రింగుని గోడకి నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు, వెనక చేరే మంట గ్యాసు ఒత్తిడి కూడా. యాక్సిలరేటర్ మరీ ముట్టీముట్టనట్టు తొక్కితే ఆ ఒత్తిడి చాలదు. రింగులు సరిగ్గా కూర్చోకముందే గోడ అద్దంలా నునుపెక్కితే, ఆయిల్ తాగే అలవాటు ఆ ఇంజన్‌ని వదలదు.

పనికొచ్చిన పద్ధతి ఇది. ఇంజన్ వేడెక్కాక మూడో గేరులో 40 దగ్గర సగం యాక్సిలరేటర్ తొక్కి 65–70 దాకా తీసుకెళ్లాలి, అంటే సుమారు 2,000 నుంచి 3,500 ఆర్‌పీఎం. తర్వాత కాలు తీసేసి గేరులోనే 40కి దిగనివ్వాలి. పూటకి ఎనిమిది పది సార్లు చాలు. 500 కి.మీ. దాటాక 4,000 దాకా వెళ్లొచ్చు. దీనికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పనికిరాదు, అక్కడ అంతా ఒకే వేగం. ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ వెళ్లే దారి నయం. ఊళ్లు, మలుపులు, ఎత్తుపల్లాలు మనం అడగకుండానే వేగం మార్పిస్తాయి.

ఇంజన్ వేడెక్కేదాకా 2,500 ఆర్‌పీఎం దాటించకూడదు. అలాగని నిలబెట్టి పది నిమిషాలు వేడిచేయడమూ తప్పే. చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ పడుతుంది, అది గోడ మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. స్టార్ట్ చేసి అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే చాలు.

నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే అయిదుగురితో, డిక్కీ నిండా సామానుతో తిరుమల ఘాట్ ఎక్కడం మన ఆనవాయితీ. వాయిదా కుదరకపోతే రెండో గేరులో 2,500–3,000 మధ్య ఉంచండి, నిటారు మలుపుల్లో ఏసీ ఆపండి. మూడో గేరులో వణుకుతూ ఎక్కించడం కంటే చిన్న గేరులో శబ్దం రావడమే మేలు.

మొదటి 320 కి.మీ. బ్రేకులు గట్టిగా తొక్కకుండా దూరం పాటించాలి. ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలి, టైర్ల మీది నునుపు కూడా పోవాలి.

వెయ్యి కి.మీ. ఉచిత సర్వీసులో సాధారణంగా ఆయిల్ మార్చరు. డబ్బులిచ్చి మార్పించడం తప్పనిసరి కాదు గానీ నాకది దండగ అనిపించలేదు. పట్టేది మూడు లీటర్ల పైచిలుకే. తీసిన ఆయిల్‌ని ఎండలో చూస్తే సన్నటి వెండి మెరుపు కనిపిస్తుంది, అది రాపిడి పొడి, కంగారు అక్కర్లేదు. వేలికి తగిలే ముక్కలుంటే మాత్రం అక్కడే చూపించి జాబ్ కార్డులో రాయించండి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయించాలి, "చిక్కటిది మంచిది" అంటే ఒప్పుకోవద్దు. ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేశారో లేదో చూసుకోండి. పాతదే బిగిస్తే పార్కింగ్‌లో నేల మీద చుక్కలు కనిపించొచ్చు.