బడి ల్యాబ్‌కు ఏ మైక్రోస్కోప్ మేలు: ఒక కంటిదా, రెండు కళ్లదా?

పెట్టే డబ్బు ఒకటే అయితే హైస్కూలుకైనా, ఇంటర్ కాలేజీకైనా ఒక కంటితో చూసే మోనాక్యులరే తీసుకోమంటాను. కన్ను ఆనించి చూసే ఐపీస్‌లు రెండున్న బైనాక్యులర్ చూపుకు గొప్పగా ఉంటుంది, నిజమే. కానీ మైక్రోస్కోప్ సత్తా ఉండేది ఐపీస్‌లో కాదు, కింద ఆబ్జెక్టివ్‌లో.

స్లైడు మీది సూక్ష్మ వివరాన్ని పట్టేది ఆబ్జెక్టివ్, అంటే వస్తు కటకం. అది పట్టి ఇచ్చిన బొమ్మను ఐపీస్ పెద్దది చేసి చూపుతుంది, అంతే. 40ఎక్స్ ఆబ్జెక్టివ్ మీద 10ఎక్స్ ఐపీస్ ఉంటే 400 రెట్లు, 15ఎక్స్ పెడితే 600 రెట్లు. బొమ్మ పెరుగుతుంది గానీ అందులో కొత్త వివరమేదీ చేరదు. అందుకే కొనేటప్పుడు ఆబ్జెక్టివ్ ఒంటి మీద ఎక్స్ పక్కనున్న రెండో అంకె చూడాలి. 40ఎక్స్ మీద 0.65 ఉంటే, సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడంలో ఉన్న రెండు చుక్కలను విడిగా చూపగలదు. ఆయిల్ వేసి చూసే 100ఎక్స్ మీద 1.25 ఉంటుంది, అది పావు మైక్రాన్ దాకా వెళ్తుంది. ఎర్ర రక్తకణం వెడల్పు 7–8 మైక్రాన్లు. దాని లోపలి మలేరియా పరాన్నజీవిని పోల్చుకోవాలంటే ఈ 100ఎక్స్ కావాల్సిందే.

స్లైడు పెట్టే స్టేజ్ కింది కండెన్సర్‌ను చాలామంది పట్టించుకోరు. వెలుగును కూడగట్టి స్లైడు మీదికి పంపేది అదే. అది లేకపోతే 100ఎక్స్ ఉన్నా దండగ. బైనాక్యులర్ తలలో ఆ వెలుగు ప్రిజమ్‌ల దగ్గర రెండుగా చీలి, ఒక్కో కంటికి సగమే అందుతుంది. తక్కువ ధరలో ఆ తల కూడా ఇవ్వాలంటే మిగతా భాగాల్లో ఎక్కడో కోత తప్పదు. పైగా రెండు కళ్లకూ చేరేది ఒకే బొమ్మ, లోతేమీ కనిపించదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆయన మైక్రోస్కోప్ స్క్రూలు చెమటకు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలే ఉంది. ఆ పరికరంతోనే 1902లో నోబెల్ దాకా వెళ్లిన పని జరిగింది.

అయితే రోగ నిర్ధారణ ల్యాబ్‌కు బైనాక్యులరే, రెండో మాట లేదు. కళ్లె స్లైడులో టీబీ లేదని చెప్పాలంటే ఆయిల్ కింద 100 ఫీల్డులు, అంటే స్లైడు జరుపుతూ వంద చోట్ల, చూడాలి. రోజంతా అలా ఒక కన్ను మూసుకుని చూస్తే టెక్నీషియన్‌కు తలనొప్పే. బడిలో పరిస్థితి వేరు. ఒక్కో పిల్లవాడు నిమిషం చూసి జరుగుతాడు. బైనాక్యులర్ అయితే ప్రతి ఒక్కరూ కళ్ల ఎడం మళ్లీ సరిచేసుకోవాలి, ఆ నిమిషం కాస్తా అందుకే పోతుంది.

వెలుగుకు అద్దం కన్నా చార్జింగ్ ఎల్‌ఈడీ మంచిది, మబ్బు రోజున కూడా క్లాసు ఆగదు. అద్దమున్నదే దొరికితే కండెన్సర్‌తో చదును వైపు వాడండి. దాన్ని ఎండకు మాత్రం తిప్పకండి, కన్ను పోతుంది. ఆకాశపు వెలుగు చాలు.

హర్యానాలోని అంబాలాలో తయారైనదైనా, విదేశీదైనా, కొనే ముందు ఉల్లిపొర స్లైడు పెట్టి 10ఎక్స్‌లో ఫోకస్ చేయండి. ఆబ్జెక్టివ్‌లు బిగించిన నోస్‌పీస్ 40ఎక్స్‌కు తిప్పాక, ఫోకస్‌ను సన్నగా సరిచేసే ఫైన్ నాబ్ కాస్త కదిపితే బొమ్మ తేటపడాలి. ఆ తర్వాత చేయి తీసేసి కాసేపు ఆగి చూడండి. స్టేజ్ తనంతట జారి బొమ్మ చెదిరితే, ఆ పరికరం వద్దు.