పిన్ను పట్టింది కదా అని స్విచ్ వేయకండి

డబ్బా మీద "ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది" అని ఉంటే నమ్మి ఒక ట్రావెల్ అడాప్టర్ కొన్నాను. నా హెయిర్ డ్రయ్యర్ అమెరికాలో కొన్నది. యూరప్‌లో హోటల్ గదిలో ఆ అడాప్టర్‌కి తగిలిస్తే చక్కగా కూర్చుంది. తడి జుట్టుతో స్విచ్ వేశాను. ఫ్యాన్ ఒక్కసారిగా కీచుమంది. ఎప్పుడూ మసగ్గా ఎర్రబడే కాయిల్ నారింజ రంగులో భగ్గుమంది. మూడు నాలుగు సెకన్లు, అంతే. ప్లాస్టిక్ కాలిన వాసన, వెంటనే గదంతా చీకటి. చెవి పక్కన వెంట్రుకలు మాడి ఉండలు కట్టాయి, కత్తిరించుకోక తప్పలేదు.

అమ్మినవాళ్లకి రాస్తే "అడాప్టర్ వోల్టేజ్ మార్చదని సూచనల కాగితంలో ఉంది" అన్నారు. ఉంది, నిజమే. చీమ తలకాయంత అక్షరాల్లో! గ్లోబు బొమ్మ మాత్రం అరచేయంత. డబ్బులు వెనక్కి రాలేదు.

జరిగింది ఇదీ. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100, యూరప్‌లోనూ ఇండియాలోనూ 230. అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే. వోల్టేజ్ ఇంచుమించు రెట్టింపైతే కాయిల్ లాగే పవర్ రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. నా 1875 వాట్ల డ్రయ్యర్ మీద 6,800 వాట్ల పైనే పడిందన్నమాట. బ్రేకర్ పడిపోయింది కాబట్టి సరిపోయింది. ఇక్కడి 230 వోల్టుల డ్రయ్యర్‌ని అమెరికా పట్టుకెళ్తే ప్రమాదం ఉండదు గానీ, గోరువెచ్చటి గాలి ఊదుతూ కూర్చుంటుంది.

అదే అడాప్టర్‌కి పెట్టిన ట్రిమ్మర్‌కి ఏమీ కాలేదు. దాని చార్జర్ మీద 100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్ అని ఉంది. అలా ఉంటే నిశ్చింతగా వాడొచ్చు. 120 అనో 230 అనో ఒక్క అంకే ఉంటే ఆ వోల్టేజ్ ఉన్న చోటే వాడాలి. రెండు వోల్టేజ్‌ల డ్రయ్యర్లు కొన్నింటికి నాణెంతో తిప్పే చిన్న మీట ఉంటుంది. 120 దగ్గర పెట్టి మర్చిపోయి 230లో ఆన్ చేశారో, నాకు పట్టిన గతే.

వోల్టేజ్‌ని మార్చే కన్వర్టర్ కొందామంటే అదో తలనొప్పి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు షేవర్లకి సరిపోతాయి, డ్రయ్యర్‌ని మోయలేవు. ఎక్కువ వాట్లు రాసి ఉన్న తేలికపాటి కన్వర్టర్లు ఉత్త కాయిల్‌తో పనిచేసే వాటికే. డిజిటల్ టెంపరేచర్ ఉన్న స్ట్రెయిట్‌నర్‌ని వాటికి తగిలిస్తే లోపలి సర్క్యూట్ పోవచ్చు. బాత్రూమ్‌లో "షేవర్లకు మాత్రమే" అని ఉండే సాకెట్‌లోనూ డ్రయ్యర్ పెట్టకండి, అది ఇచ్చేది చాలా కొద్ది పవర్.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "డ్యుయల్ వోల్టేజ్" అన్న మాట ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి. హ్యాండిల్ మీది లేబుల్ ఫోటో అడగండి. పంపకపోతే నేనైతే కొనను.