50 శాతం షేడ్ నెట్: మా మిద్దెతోటలో రెండు వేసవులు

సత్యనారాయణపురంలో మాది మూడో అంతస్తు డాబా. నలభై దాకా కుండీలున్నాయి. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో మధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా మీద రెండడుగులు వెయ్యలేం. నిరుడు మార్చిలో వన్ టౌన్‌లో షేడ్ నెట్ కొన్నాను. మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు, చదరపు మీటరు 35 రూపాయల లెక్కన 630 అయింది.

ముందు నష్టపోయిన కథ. నేను అడిగింది 50 శాతం వల, అంటే ఎండలో సగం ఆపేది. "ఇదే మేడమ్, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అంటూ కొట్లో కుర్రాడు కోసి మడత పెట్టేశాడు. కట్టిన మూడు వారాలకి టమాటా మొక్కలు సన్నగా సాగిపోయాయి. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు ఎడం, పూత ఊసే లేదు. అనుమానమొచ్చి మనవడి ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ పెట్టించాను. బయట ఎండలో చూపించిన అంకెలో వల కింద పావు వంతే ఉంది. అంటే నాకు అంటగట్టింది 75 శాతం వల. కోసిన ముక్క కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. ఇంకోచోట, ఈసారి ఫోన్ అడ్డం పెట్టి కొలిచి మరీ, అసలైన 50 కొన్నాను. మీరూ కొలవకుండా కొనకండి.

ఈ పాతిక శాతం తేడాకి ఇంత పట్టింపు ఎందుకంటే, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పినదాన్ని. ఆకులోని పత్రహరితం వెలుతురుని పట్టి నీటిని విడగొడుతుంది. మనం పీల్చే ఆక్సిజన్ ఆ నీటిలోంచి వచ్చిందే, చాలామంది అనుకునేట్టు కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు. అలా కూడబెట్టిన శక్తితో ఆకు కార్బన్ డయాక్సైడ్‌ని చక్కెరగా అల్లుకుంటుంది. గాలిలో ఆ వాయువు పదివేల పాళ్ళకి నాలుగు పాళ్ళ పైచిలుకు, అంతే. అదీ పత్రరంధ్రాలు తెరిచి ఉంటేనే లోపలికి వస్తుంది. పిండి ఎంత రుబ్బినా పెనం ఒక్కటే అయితే దోసెలు ఆ పెనం లెక్కనే వస్తాయి కదా. వెలుతురు, వేడి, కార్బన్ డయాక్సైడ్‌లలో ఏది కొరత పడితే వేగం దాని దగ్గరే ఆగుతుందని బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త బ్లాక్‌మన్ 1905లో చెప్పింది ఇదే.

ఈ మాట మా డాబా మీదే చూశాను. గాజు గ్లాసులో హైడ్రిల్లా అనే నీటిమొక్క కొమ్మ, కోసిన కొస పైకి ఉండేలా పెట్టి, నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కోసం చిటికెడు వంటసోడా కలిపాను. పొద్దున పదింటికి కొస నుంచి ముత్యాల్లాంటి ఆక్సిజన్ బుడగలు వరసగా లేచాయి. ఎండలో నిమిషానికి 42. 50 శాతం వల కింద 35. 75 వల కింద 16. మధ్యలో నీళ్ళు వేడెక్కకుండా మార్చుతూ, మూడేసి సార్లు లెక్కపెట్టాను. వెలుతురు సగం కోసేసినా బుడగలు సగానికి పడిపోలేదు. పావుకి దించితే మాత్రం కొమ్మ ఆకలితో ఉన్నట్టే.

మధ్యాహ్నం సంగతి వేరు. నలభై దాటిన వేడిలో టమాటా, మిరప నీళ్ళు కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటాయి. లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతే రూబిస్కో అనే ఎంజైము దాని బదులు ఆక్సిజన్‌ని పట్టుకోవడం పెరుగుతుంది, చేసుకున్నదాంట్లో కొంత వృథా అవుతుంది. ఆ వేళకి ఎండ ఎంత కాసినా ఆకుకి లాభం లేదు, ఒళ్ళు కాలడమే. 50 వల కింద మా మిరప మేలో కూడా మధ్యాహ్నం ఆకు వాల్చలేదు. గుంటూరు నుంచి తెచ్చిన నారు, ఈ ఏడు జూన్ మొదటి వారం దాకా కాయలు కోశాను.

తోటకూరకి మాత్రం ఈ వల వద్దు. తోటకూర, మొక్కజొన్న కార్బన్ డయాక్సైడ్‌ని ముందే పోగు చేసి రూబిస్కోకి అందించే జాతులు. వాటికి మండే ఎండే ఇష్టం. వల కింద నా తోటకూర కాడ పెన్సిల్‌లో సగం లావైనా కాలేదు, బయటికి తీస్తే పది రోజుల్లో కోలుకుంది.

నెట్ నాణ్యతకి వస్తే, రెండు వేసవులకీ దారం పెళుసెక్కలేదు. గాలిదుమారానికి మూలల రింగులు రెండు ఊడిపోయాయి, అంచు మడిచి కుట్టించుకుంటే ఆ బాధ ఉండదు. రంగు ఆకుపచ్చ. ఆకు ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం వెలుతురుని. ఆకుపచ్చ వల వాటినే ఎక్కువ ఆపుతుంది, కంటికి చల్లగా ఉందని నేనూ అదే కొన్నాను. ఈసారి అన్ని రంగుల్నీ సమంగా తగ్గించే నలుపు తీసుకుంటాను. జులైలో మబ్బు పట్టగానే వల తీసి చుట్టెయ్యాలి, అప్పుడు మొక్కకి కొరత వెలుతురే. కొక్కేలు పెట్టించుకున్నాను కాబట్టి నాకిది పది నిమిషాల పని.

ఈ 50 వలకి నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ మొదటి 75 ముక్కని తమలపాకు తీగ మీద కట్టాను. నీడ కోరే తీగ, ఆకులు అరచేతంత వస్తున్నాయి.