టైరు కూడా బట్టే: కాలువ గట్ల మీద 40 మి.మీ. గ్రావెల్ టైర్లతో తొమ్మిది నెలలు

మాది ఒడిశాలో, శ్రీకాకుళం జిల్లాని ఆనుకుని ఉన్న పర్లాకిమిడి. నేను లేడీస్ టైలర్‌ని. ఇరవై రెండేళ్లు మిషను మీద వంగి వంగి నడుం పట్టేసింది. రోజూ ఓ గంట నడవమన్నారు డాక్టరు గారు. నడక నాకు కుదరలేదు. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఆపి "నా జాకెట్టు అయిందా?" అంటారు. సైకిలెక్కితే ఆపలేరు కదా! అలా మొదలైంది.

మా మరిది విశాఖలో ఎవరి దగ్గరో పాత హైబ్రిడ్ సైకిలు 14,000కి బేరమాడి తెచ్చాడు. దానికి 32 మి.మీ. నున్నటి టైర్లు. తారు రోడ్డు మీద ఝామ్మని పోయేది. కానీ ఆ తారు రోడ్డు మీద నేను పోలేకపోయాను. టెక్కలి వైపు వెళ్తే గ్రానైట్ దిమ్మలు వేసుకుని లారీలు ఎదురొస్తాయి. లారీ పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే హ్యాండిల్ ఊగేది. రెండు ఆదివారాలు టెన్షన్ పడ్డాను. మూడో ఆదివారం మహేంద్రతనయ నది దాటి, పాతపట్నం మీదుగా హిరమండలం పోయి, గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార ఎడమ కాలువ గట్టు ఎక్కాను. లారీ లేదు, బస్సు లేదు, హారన్ లేదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరి. నాకు కావాల్సింది ఇదే అనుకుంటూ నాలుగు కిలోమీటర్లు పోయానో లేదో, వెనక టైరు చప్పబడింది. చూస్తే పల్లేరుకాయ. ట్యూబు మార్చి ఎక్కాను. ఇంకో కిలోమీటరుకి ముందు టైరు. మిగతా దారంతా సైకిలు నన్ను మొయ్యలేదు, నేనే దాన్ని నడిపించుకొచ్చాను.

ఆ తర్వాత కొన్నవే ఈ గ్రావెల్ టైర్లు, అంటే మట్టి, కంకర దారుల కోసం చేసినవి. సైజు 700×40, అందులో 40 అన్నది మి.మీ.లో వెడల్పు. ట్యూబ్‌లెస్‌గానూ, అంటే లోపల ట్యూబు లేకుండానూ వాడుకోవచ్చు. జత 5,400 పడింది. తొమ్మిది నెలల్లో మీటరు ప్రకారం 2,140 కి.మీ. తిరిగాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు ఎదురైన ఒక లోపం చెప్పబోతున్నాను, అది నా ఒక్క జత సంగతి. పైగా కొనేవాళ్లు పేరు చూసి కాదు, వెడల్పూ నేతా చూసి కొనాలన్నదే నా మాట. కొనేముందు నేను వెతికితే దొరికినవన్నీ ఇంగ్లీషు రివ్యూలే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక మాటల్లో టైర్ల గురించి రాస్తే ఆయనైతే కాదనరు.

ముందు నా పొరపాటు చెప్తాను. పాత టైరు మీద 28 అని అంకె ఉంది. బజార్లో 28 అంగుళాల టైరు అడిగితే ఇచ్చారు. పాతకాలం పెద్ద సైకిళ్లదీ 28 అంగుళాలే. ఇంటికొచ్చి తొడిగితే అత్తగారి గాజు కోడలి చేతికి వేసినట్టు రిమ్ము మీద వదులుగా తిరుగుతోంది. తర్వాత తెలిసింది: పాత సైకిలు 28×1½ టైరు అంచు వ్యాసం 635 మి.మీ., నా రిమ్ముది 622. రెండిటినీ 28 అనే అంటారు. రెడీమేడ్ జాకెట్ల మీద 36 అని ఉన్నా ఒక్కో కంపెనీది ఒక్కో కొలత ఉండదూ, అలా. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-622 అని ఉంటుంది. ఆ రెండో అంకె కలవాలి.

టేపు తీసుకుని ఇంకో కొలత కూడా చూసుకోండి. వెనక చక్రానికి అటూ ఇటూ ఉన్న గొట్టాల మధ్య ఖాళీ నా సైకిలుకి 52 మి.మీ. అంటే టైరు పోను ఒక్కో పక్క 6 మి.మీ. ఎండాకాలం ఇది చాలు. వానల్లో చాలదు, ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయం. టైరంటే రబ్బరు అనుకుంటాం గానీ లోపలుండేది బట్ట. నైలాన్ దారాలు వరసగా పేర్చి రబ్బరు పట్టిస్తారు. అంగుళానికి ఎన్ని దారాలో చెప్పే లెక్కే టీపీఐ. 60 అంటే దారం లావు, మధ్యలో రబ్బరు ఎక్కువ, మొరటుగా ఉంటుంది, మన ఖాకీ డ్రిల్లులాగ. 120 అంటే సన్నం, తేలిక, వాయిల్ చీరలా ఒంటికి అతుక్కుంటుంది, చిరుగుతుంది కూడా. కొన్ని కంపెనీలు పొరలన్నీ కలిపి దారాలు లెక్కేసి పెద్ద అంకె వేస్తాయట. లైనింగు దారాలు కూడా కలిపేసి ఇది మేలు రకం బట్ట అన్నట్టుంది. నావి 60వి. ఇంకో సంగతి చూసి నాకు భలే ముచ్చటేసింది. ఈ దారాలు నిలువుగానో అడ్డంగానో ఉండవు, సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. మేం మెడకి పైపింగు వెయ్యాలంటే బట్టని క్రాస్‌లోనే కత్తిరిస్తాం. క్రాస్ పీసు సాగుతుంది, వంపు తిరుగుతుంది, ముడత పడదు. రాయి ఎక్కినప్పుడు టైరు ఒదిగేదీ అందుకే. ఇది తెలిశాక గాలి సంగతి దానంతటదే అర్థమైంది.

టైరు మీద గరిష్ఠం 70 పీఎస్‌ఐ అని రాసుంది. పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత. నేను 60 కొట్టించాను, గట్టిగా ఉంటే తేలిగ్గా పోతుందనుకుని. గట్టు మీద గులకరాళ్లకి మోచేతులదాకా తిమ్మిరెక్కింది. మిషను మీద పని చేసే చేతులు నావి, మర్నాడు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. అప్పట్నుంచి వారానికి ఐదేసి చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. ఇప్పుడు వెనక 34, ముందు 30. నేను 66 కిలోలుంటాను, మీ బరువుని బట్టి మీరు చూసుకోండి. గాలి ఎక్కువుంటే చిన్న రాయి తగిలినా సైకిలూ మనిషీ కలిసి ఎగరాలి. తక్కువుంటే ఆ రాయిని టైరు తనలోకి తీసుకుంటుంది. అయితే లోపల ట్యూబు పెట్టుకుని ఇంత తక్కువ గాలితో తిరిగితే, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా ఉంటుంది. నాకు రెండుసార్లు పడ్డాయి. అప్పుడే ట్యూబ్‌లెస్‌కి మారాను.

ట్యూబ్‌లెస్ అంటే టైరులో పాలలాంటి సీలెంట్ పోస్తారు. చిల్లు పడితే అందులోంచి బయటికొచ్చి గడ్డకట్టి మూస్తుంది. పోయిన మాఘంలో ఒక ఆదివారం ఇంటికొచ్చి లెక్కపెడితే రెండు టైర్లలో కలిపి పదకొండు పల్లేరు ముళ్లు. గాలి ఒక్క పాయింటు కూడా దిగలేదు. ముల్లు పీకిన చోట తెల్లటి చుక్క ఒకటి వచ్చి ఆరిపోయేది, అంతే. ఒక్క దీనికే నేను జతకి ఇంకో వెయ్యి ఎక్కువైనా ఇస్తాను. కానీ మన ఎండలకి సీలెంట్ రెండు మూడు నెలల్లో ఆరిపోయి లోపల జిగురు పొరలా మిగులుతుంది. టైరు ఊపితే లోపల చప్పుడు రాకపోతే మళ్లీ పొయ్యాలి. ఇది డబ్బాలు అమ్మేవాళ్లు చెప్పరు.

గాలి దగ్గర ఇంకో తలనొప్పి. ఈ చక్రాలకి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. మొదటిసారి మా సందు చివర సైకిల్ షాపు తాతగారి దగ్గరికి తీసుకెళ్తే, అద్దాలు పైకెత్తి చూసి "ఏటమ్మా ఇది, దీనికి గాలెక్కడ్నుంచి కొడతారు?" అన్నాడు. ఆయన పంపు మూతి దానికి పట్టదు. పెట్రోలు బంకులోదీ పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, టైర్లతో పాటే రెండు కొనుక్కోండి, ఒకటి ఎలాగూ పోతుంది. నాది కాలువలో పడిపోయింది.

ఇసకలో ఈ టైర్లు పనికిరావు. కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డు బాగుంటుందని ఒకసారి వెళ్లాను. దారి బాగుంది, రైలు పట్టాల పక్కనే చాలా దూరం పోవచ్చు. నా చిన్నప్పుడు ఆ దారిలోనే రెండున్నర అడుగుల గేజి, అంటే పట్టాల మధ్య అంతే ఎడం ఉన్న చిన్నరైలు నడిచేది. 1900లో మొదలైంది, 2004లో ఆగింది, ఇప్పుడు పెద్ద రైలు గుణుపూర్ దాకా పోతుంది. ఆ రోజు నా సగటు వేగం గంటకి 14 కి.మీ. చూపిస్తే చిన్నరైలే గుర్తొచ్చింది. ఏటి దగ్గర మెత్తటి ఇసక తగలగానే ముందు చక్రం అడ్డం తిరిగింది, నేను పక్కకి ఒరిగాను. దెబ్బ తగల్లేదు, నవ్విన వాళ్లు మాత్రం ముగ్గురున్నారు. ఇసకకి 40 కాదు, 50 దాటిన టైర్లుండాలి. నల్లరేగడి తడిస్తే ఇంకా అన్యాయం. నూరు గజాలకే ఆ 6 మి.మీ. సందులో మట్టి కూరుకుపోయి చక్రం తిరగదు. పుల్ల పెట్టి గోకాలి, మళ్లీ ఎక్కాలి, మళ్లీ గోకాలి. గట్టు మీద పోసిన ఎర్ర గ్రావెల్ మాత్రం తడిసినా పర్లేదు, బాగా పట్టు దొరుకుతుంది.

సంక్రాంతికి మా మరిది వచ్చాడు. వాడిది 28 మి.మీ. టైర్ల రేసు సైకిలు. నా బండి చూసి "వదినా, ట్రాక్టరు టైర్లు వేయించావేంటి?" అన్నాడు. తారు మీద వాడి వెనక చక్రం కూడా నాకు కనపడలేదు, ఒప్పుకుంటాను. గట్టు ఎక్కాక రెండో తూము దగ్గర ఆగి వాడి కోసం ఎదురుచూస్తూ పంపరపనస ఒకటి మొత్తం ఒలుచుకు తినేశాను.

ఇక లోపం. గండాహతి జలపాతం వైపు జీడితోటల మధ్య బాట ఒకటుంది. కొంత మేర కొత్తగా కంకర పరిచారు, క్రషర్ రాయి, అంచులు బ్లేడులా ఉన్నాయి. అందులో ఒకటి టైరు పక్కగోడ కోసేసింది. అడుగుభాగం మందంగా ఉన్నా, పక్కలకి ఈ టైర్లలో రబ్బరు మరీ పల్చన. సీలెంట్ పాలధారలా చిమ్మి నా సల్వారంతా పాడైంది. కోత ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. ప్లగ్గు పెడితే నిలవలేదు. ఫోన్ సిగ్నల్ లేదు. సాయంత్రం నాలుగైంది. లఖారీ లోయలో ఏనుగులుంటాయి, కొన్ని మా ప్రాంతం దాటి శ్రీకాకుళం జిల్లాలోకి కూడా దిగి తిరిగాయి. చీకటి పడ్డాక అక్కడ ఉండే ధైర్యం నాకు లేదు.

సీటు కింద సంచిలో సూదుల డబ్బా ఉంది. అలవాటు కొద్దీ పెట్టుకున్నదే. టైరు ఊడదీసి లోపల చున్నీతో తుడిచాను. పరుపులు కుట్టే వంకర సూది, నైలాన్ దారం రెండు పోగులు. దారాలు వాలుగా ఉన్నాయి కాబట్టి కోత అంచులకి మరీ దగ్గరగా కుడితే పోగు పీక్కొస్తుంది. అందుకని నాలుగు మి.మీ. లోపలికి పట్టి ఇంటూ కుట్టు వేశాను, మొత్తం ఏడు. బిగించి లాగకూడదు, అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా ఎదురెదురుగా కలవాలి. వేలి తొడుగు లేదు, పాంటు గుండీ ఒకటి వేలికి ఆనించి సూది తోశాను. లోపలి వైపు కాలర్లకి వేసే బక్రం ముక్క మడిచి పెట్టి, స్పేర్ ట్యూబు వేశాను. కట్టెలు మోసుకుపోతున్న ఇద్దరు సవర ఆడపిల్లలు ఆగి చివరిదాకా చూశారు. ఒక పిల్ల టైరు పట్టుకుంది కూడా. అయిపోయాక ఇంకో పిల్ల తెగిన చెప్పు తీసి నా ముందు పెట్టింది. అదీ కుట్టాను. చేతి పంపుతో గాలి కొట్టేసరికి భుజాలు పోయాయి. 25 పీఎస్‌ఐతో, మెల్లగా, ఇల్లు చేరాను.

ఆ కుట్టు మీదే ఇంకో 320 కి.మీ. తిరిగాను. తర్వాత తాతగారు లోపల ప్యాచీ అతికించి, కుట్లు వేలితో తడిమి చూసి, "ఈ పని నాకు నేర్పుతావా?" అన్నాడు. ఆయనకి ఇంకా బాకీ ఉన్నాను.

ఈసారి కొంటే ఇదే వెడల్పు, ఇదే 60 నేత, పక్కగోడకి అదనపు పొర ఉన్నది తీసుకుంటాను. కాస్త బరువైనా సరే. ముందు టైరు ఇంకో ఏడాది వస్తుంది. వెనకదానికి మధ్య గళ్లు అరిగి నున్నబడుతున్నాయి, ఈ వానలు గడిచేదాకా లాగిస్తాను.

సీలెంట్ పోసిన తేదీలు జాకెట్ల కొలతల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకుంటున్నాను. మళ్లీ పొయ్యాల్సిన తేదీ సరిగ్గా దసరా ముందు వారంలో పడింది. అప్పటికి నా దగ్గర నలభై జాకెట్లుంటాయి. ఊపి చూశాను, ఇంకా లోపల కొంచెం చప్పుడు వస్తోంది.