అనంతగిరి దిగుడు చూసిన బూట్లు

ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయాక గానీ బూట్లు కొనడం నాకు తెలియదన్న సంగతి నాకు తెలియలేదు. ఆ జత కొన్నది నగరంలో ఒక పెద్ద దుకాణంలో. అక్కడి అబ్బాయి బూటు తిరగేసి, "అడుగు చూడండి మేడమ్, ట్రాక్టర్ టైరే!" అన్నాడు. నేనూ అడుగే చూశాను. పొద్దున పది గంటలకు, పల్చటి సాక్సులతో, నున్నటి పలకల నేల మీద నాలుగడుగులు వేసి డబ్బు కట్టేశాను.

నేను పరుగెత్తేది వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో. ఎక్కేటప్పుడు ఏ బూటైనా మంచిదే. దిగేటప్పుడు పాదం ముందుకు జారి, వేళ్లు బూటు ముక్కుకు పొడుచుకుంటాయి. అలా మూడు ఆదివారాలు, అంతే.

రెండోసారి సాయంత్రం వెళ్లాను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి. పరుగులో వేసుకునే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్లాను. నా పాదం 24 సెంటీమీటర్లు. ఆరో నంబరా, ఏడో నంబరా అన్న గొడవ పెట్టుకోకుండా, లోపలి చీటీ మీద 25 సెంటీమీటర్లని ఉన్న జత అడిగాను. లేసులు బిగించి, దుకాణం ముందున్న ర్యాంపు మీద ఆరేడు సార్లు గబగబా దిగాను. కాపలాదారు వింతగా చూశాడు, చూడనీ. బొటనవేలు ముక్కుకు తగలలేదు, మడమ లేవలేదు.

అలా ఇంటికి వచ్చినవి హోకా స్పీడ్‌గోట్ 5. అమెరికాలో కొండదారుల్లో వంద మైళ్ల పందేలు పరుగెత్తే కార్ల్ మెల్ట్‌జర్ ముద్దుపేరే ఈ బూటుకు పెట్టారు. మడమకూ మునివేళ్లకూ మధ్య ఎత్తు తేడా 4 మిల్లీమీటర్లే. అడుగున విబ్రామ్ మెగాగ్రిప్ రబ్బరు, 5 మిల్లీమీటర్ల పళ్లు.

ఇక ఆ పళ్ల సంగతి. వానల్లో కొండ దిగి కంది చేల పక్కకు వస్తే నల్లరేగడి మొదలవుతుంది. అది పట్టుకుంటే బూటు రోకలిబండే. పళ్ల మధ్య ఎడం ఉండటం వల్ల పది అడుగులు గట్టిగా వేస్తే చాలావరకు రాలిపోతుంది. తడిసిన బండ మీద పళ్ల పొడవుతో పని లేదు, అక్కడ పట్టు నిలిపేది రబ్బరు మెత్తదనమే. నాచు లేనిచోట ఇది బాగా అతుక్కుంది. గట్టి నేల మీద పరుచుకున్న ఎర్ర మొరం మాత్రం వేరే కథ. ఆ రాళ్లు గోళీల్లా దొర్లుతాయి, పళ్లు దిగడానికి కింద మెత్తటి మన్ను ఉండదు. అక్కడ ఏ బూటూ మనల్ని కాపాడదు, చిన్న చిన్న అడుగులు వేయాల్సిందే. ట్రాక్టర్ టైరు అన్న అబ్బాయికి ఈ మాట చెప్పి రావాలని ఇప్పటికీ ఉంది.

మెత్త చాలా మందం. సూదిరాళ్లు కూడా అరికాలికి తెలియవు. నాకది హాయి, నేల స్పర్శ తెలియాలనుకునేవారికి నచ్చదు. నీళ్లు దూరని గోర్‌టెక్స్ రకం కూడా ఉంది గానీ నేను తీసుకోలేదు. మన వానల్లో నీళ్లు పైనుంచి, చీలమండ దగ్గర దిగుతాయి. దిగినవి బయటికి పోవు. మామూలు జాలీ రకమైతే గంటలో సగం ఆరిపోతుంది.

ఇంటి నుంచి కొండదాకా తారు రోడ్డు మీద వీటితో పరుగెత్తకండి, పళ్లు అరిగిపోతాయి. నేను చెప్పులతో బండి మీద వెళ్లి, అక్కడ మార్చుకుంటాను. ధర విని మా వారు, ఆ డబ్బుతో సైకిలు వస్తుందన్నారు. నిజమే, వస్తుంది. ఇప్పుడు ఆయన ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని, పట్టకారుతో నా బూట్ల లోంచి పల్లేరు కాయలు పీకుతుంటారు.